సమ్మతి ఎవరిని అడిగారు?

తెనాలిలో కూర్చుని అమెరికా సెనేటర్ గురించి రాయడమేమిటని ఎవరైనా అడగొచ్చు. అందులోనూ 2008లో చనిపోయినవాడి గురించి. ముస్లిం దేశాల మీద బాంబులు కురిపించే రాజ్యం, దాని సెనేటర్లు, వాళ్ల తగువులు మనకెందుకు? మాకూ మొదట అలాగే అనిపించింది. కాని జెస్సీ హెల్మ్స్ వాదన చదువుతున్నకొద్దీ ఆ గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది. బాపట్లలో విన్నాం. రేపల్లెలో విన్నాం. మా ఇంట్లోనే విన్నాం. అందుకే ఈ వ్యాసం.

మహిళల పట్ల అన్ని రకాల వివక్షలను నిర్మూలించాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 1979 డిసెంబరు 18న ఒక ఒడంబడికను ఆమోదించింది. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో దాన్ని సీడా అంటారు. 1980 జులై 17న అమెరికా తరఫున కార్టర్ ప్రభుత్వం సంతకం చేసింది. అదే నెల 30న భారతదేశం చేసింది. సంతకం చేస్తే సరిపోదు, ధ్రువీకరించాలి. అమెరికాలో అది సెనేట్ పని. 1994లో సెనేట్ విదేశీ సంబంధాల కమిటీ పదమూడు ఓట్లకు అయిదు ఓట్ల తేడాతో ఒప్పుకుంది. సెనేట్ ముందుకు మాత్రం రాలేదు. మరుసటి ఏడాది ఆ కమిటీ అధ్యక్షపీఠం మీదికి నార్త్ కరోలినా సెనేటర్ హెల్మ్స్ వచ్చాడు. 2001 దాకా అక్కడే ఉన్నాడు. ఉన్నంతకాలం ఆ కాగితాన్ని సొరుగులోంచి బయటికి తీయనివ్వలేదు.

1999 అక్టోబరు 27న ఆ కమిటీ వేరే విషయం మీద విచారణ జరుపుతోంది. ప్రతినిధుల సభలోని పదిమంది మహిళా సభ్యులు లోపలికి వచ్చారు. లిన్ వూల్సీ అనే ఆమె ముందు నడిచింది. సీడా మీద కనీసం విచారణైనా జరపమని తోటి సభ్యులు సంతకాలు చేసిన ఉత్తరం తెచ్చారు. హెల్మ్స్ ఏం చేశాడు? ఆడమనిషిలా మర్యాదగా ఉండమని ఆమెకు బుద్ధి చెప్పాడు. పోలీసులను పిలిచి అందరినీ బయటికి పంపించాడు. వాళ్లేమీ వీధిలోంచి వచ్చినవాళ్లు కారు. లక్షలమంది ఓట్లతో గెలిచి వచ్చినవాళ్లు. అయినా వాళ్లు ముందు ఆడవాళ్లు, తర్వాతే ప్రతినిధులు.

ఈ దృశ్యం చదవగానే మాకు మా ఊరి జమాత్ మీటింగు కళ్లముందు కదిలింది. అక్కడ పోలీసుల అవసరం రాదు. ఆడవాళ్లు అంతదాకా రారు.

2000 మార్చి 8న, సరిగ్గా అంతర్జాతీయ మహిళా దినం నాడు, హెల్మ్స్ సెనేట్‌లో లేచి ఈ ఒడంబడికను తిట్టిపోశాడు. తీవ్రవాద స్త్రీవాదులు కూర్చుని రాసుకున్న కాగితం ఇదని, కుటుంబానికి శత్రువని, దీన్ని అంతర్జాతీయ చట్టం పేరుతో మన నెత్తిన రుద్దుతారని అతని వాదన. కుటుంబం, మతం, బయటివాళ్లు. ఈ మూడు మాటలు పట్టుకుంటే అతని రాజకీయమంతా చేతికి చిక్కుతుంది. 1983లో మార్టిన్ లూథర్ కింగ్ పుట్టినరోజును జాతీయ సెలవుదినం చెయ్యడానికి అడ్డం పడ్డవాడూ ఇతనే. నల్లవాళ్లకు హక్కులంటే 'మా దక్షిణాది పద్ధతుల్లో బయటివాళ్ల పెత్తనం'. ఆడవాళ్లకు హక్కులంటే 'మా కుటుంబాల్లో బయటివాళ్ల పెత్తనం'. ఎవరింట్లో వాళ్లే పెద్ద, ఆ పెద్ద ఎప్పుడూ ఒక మగవాడే, తెల్లవాడే.

ఇక్కడొక వింత ఉంది. అమెరికాలో సీడాను వ్యతిరేకించే క్రైస్తవ సంప్రదాయవాదులు మాటిమాటికీ ఎత్తిచూపే ఉదాహరణల్లో ఒకటి లిబియా. ఖురాన్‌కు కొత్త వ్యాఖ్యానం చేసుకోమని సీడా కమిటీ లిబియాను అడిగిందట, చూశారా ఎంత అన్యాయమో అంటారు. ఖురాన్ మీద వాళ్లకు ఎంత ప్రేమో! మనల్ని చూస్తే ఆమడ దూరం జరిగేవాళ్లు మన ఆడవాళ్ల హక్కుల దగ్గరికి వచ్చేసరికి మన ఉలేమాకు వకాల్తా పుచ్చుకుంటారు. ఈ ఒడంబడికలో ఇవాళ 189 దేశాలున్నాయి. బయట ఉన్న కొద్ది దేశాల్లో ఇరాన్ ఉంది, సోమాలియా ఉంది, అమెరికా ఉంది. బద్ధ శత్రువులు ఒకే అరుగు మీద కూర్చోవడం ఆడవాళ్ల సంగతి వచ్చినప్పుడే సాధ్యం.

సరే, హెల్మ్స్‌ను తిట్టడం సులభం. దూరపువాడు, చచ్చిపోయినవాడు, మనకు ఇష్టం లేని దేశంవాడు. మన గుమ్మంలోకి రావాలి.

భారతదేశం 1993 జులై 9న సీడాను ధ్రువీకరించింది. అప్పుడు ప్రధాని మన తెలుగువాడే, పి.వి. నరసింహారావు. ఉర్దూ బాగా వచ్చినవాడు, సాహిత్యం తెలిసినవాడు. ధ్రువీకరిస్తూ ప్రభుత్వం రెండు ప్రకటనలు, ఒక మినహాయింపు జతచేసింది. మినహాయింపు దేశాల మధ్య తగాదాలను అంతర్జాతీయ న్యాయస్థానానికి పంపే విషయం, దాంతో మనకు పనిలేదు. ప్రకటనల్లో మొదటిది చూడాలి. ఆడా మగా మధ్య ఎక్కువతక్కువలను నిలబెట్టే ఆచారాలను మార్చాలనే అయిదో అధికరణ, పెళ్లిలోనూ కుటుంబంలోనూ ఇద్దరికీ సమాన హక్కులుండాలనే పదహారో అధికరణ, ఈ రెండింటినీ ఏ మతవర్గం సొంత వ్యవహారాల్లోనైనా ఆ వర్గం చొరవ, సమ్మతి లేకుండా జోక్యం చేసుకోరాదనే తన విధానానికి లోబడే అమలు చేస్తానని ప్రభుత్వం చెప్పింది.

చొరవ, సమ్మతి. ఎంత మర్యాదైన మాటలు! తేదీ చూడండి. 1992 డిసెంబరు 6కు, 1993 జులై 9కి మధ్య ఏడు నెలలు. పట్టపగలు, ప్రపంచం చూస్తుండగా బాబ్రీ మసీదును కూలగొడితే ఈ ప్రభుత్వం మన సమ్మతి అడగలేదు. సూరత్, బొంబాయి తగలబడినప్పుడు మన చొరవ కోసం ఎదురుచూడలేదు. మసీదు గోడను కాపాడలేని రాజ్యం ఏడు నెలలు తిరక్కుండా మన ఇంటి గోడను మాత్రం తాకబోనని ప్రపంచానికి మాటిచ్చింది. ఆ గోడ లోపల ఉన్నది ఎవరు? తలాఖ్ చెప్పించుకుని పుట్టింటికి చేరిన మన అక్కచెల్లెళ్లు. మసీదు బాకీని వాళ్ల ఖాతాలోంచి తీర్చారు.

ఇది మొదటిసారి కూడా కాదు. 1985 ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు షాబానో అనే వృద్ధురాలికి నెలకు 179 రూపాయల 20 పైసల భరణం ఖాయం చేసింది. ఆ తీర్పులో న్యాయమూర్తులు మన మతం మీదా, ఉమ్మడి పౌరస్మృతి మీదా చెప్పిన అక్కర్లేని మాటలు మన మనసుల్ని గాయపరిచాయి, నిజమే. కాని ఆ గాయానికి మందు ఆ ముసలావిడ నోటి దగ్గర కూడు లాక్కోవడమా? 1986 ఫిబ్రవరి 1న బాబ్రీ మసీదు తాళాలు తీశారు. అదే ఏడాది మేలో ముస్లిం మహిళల చట్టం తెచ్చారు. ఆ చేత్తో హిందువుకు తాళంచెవి, ఈ చేత్తో ముస్లిం మగవాడికి తలాఖ్ సౌకర్యం. రెండు చేతులూ ఒకే ప్రభుత్వానివి.

సీడా మీద రెండో ప్రకటన ఇంకా విడ్డూరం. పెళ్లిళ్లన్నీ తప్పనిసరిగా నమోదు చెయ్యాలనే సూత్రాన్ని ఒప్పుకుంటాం గాని ఇన్ని ఆచారాలు, ఇన్ని మతాలు, ఇంత నిరక్షరాస్యత ఉన్న విశాల దేశంలో అది ఆచరణ సాధ్యం కాదంది ప్రభుత్వం. ఇది చదివి మేం పగలబడి నవ్వుకున్నాం. చదువు రాదని పేరుపడ్డ మన సాయిబుల ఇళ్లలో కాగితం లేకుండా పెళ్లి జరుగుతుందా? దుడ్డుకర్రలా నిలబడే ఖాజీ, నికాహ్‌నామా, అందులో మెహర్ ఎంతో అంకెల్లోనూ అక్షరాల్లోనూ, వకీలు సంతకం, ఇద్దరు గవాహీల సంతకాలు. ఇది ఎన్ని తరాల నుంచి ఉంది! ఆ ఖాజీని నియమించే అధికారం ప్రభుత్వానికి 1880 చట్టం నుంచే ఉంది. ఆచరణ సాధ్యం కాదన్న తొమ్మిదేళ్లకు, 2002లో, మన ఆంధ్రప్రదేశ్ శాసనసభే వివాహాల నిర్బంధ నమోదు చట్టం చేసింది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతా నమోదు చెయ్యమంది. ఐక్యరాజ్యసమితి దగ్గర ఉన్న ఆ ప్రకటన మాత్రం అలాగే ఉంది.

మళ్లీ మొదటి ప్రకటన దగ్గరికి వద్దాం. అసలు కిటుకంతా అక్కడే ఉంది. 'ఆ వర్గం' అంటే ఎవరు? ఎవరు చొరవ చూపితే వర్గం చొరవ చూపినట్టు? ఎవరు తలూపితే వర్గం సమ్మతించినట్టు? ఆలిండియా ముస్లిం పర్సనల్ లా బోర్డు 1973లో మన హైదరాబాదులోనే పుట్టింది. మనమెవరం దానికి ఓటు వేయలేదు. వేసే ఏర్పాటే లేదు. తెనాలిలో పరుపులు కుట్టే నూర్‌బాషా ఇంట్లో, బాపట్లలో రొయ్యల షెడ్డుకు వెళ్లొచ్చే అమ్మాయి ఇంట్లో, రేపల్లెలో బడ్డీకొట్టు నడిపే బూబమ్మ ఇంట్లో ఆ పేరు తెలిసినవాళ్లు ఎంతమంది? ఉర్దూ మాట్లాడే సయ్యద్‌లకూ షేక్‌లకూ, తెలుగే మాతృభాష అయిన దూదేకులకూ మధ్య మన మసీదుల్లోనే ఎంత ఎడముందో మనకు తెలియదా? మీకు ఉర్దూ రాదు, మీరేం ముసల్మాన్లని వాళ్లను ఎన్నిసార్లు ఎత్తిపొడవలేదు? రోజూ ఎడంగా ఉంచినవాళ్లను సమ్మతి లెక్కించేటప్పుడు మాత్రం ఒక్క సమాజం కింద కలిపేసుకుంటాం.

'మా ఊరి సంగతి మేం చూసుకుంటాం' అనే మాటకు ఈ ప్రాంతంలో ఏం అర్థముందో కూడా మనకు తెలుసు. తెనాలి నుంచి బాపట్ల వెళ్లే రైలు చుండూరు మీదుగా పోతుంది. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను నరికిన ఊరు. ఆ ఊరికీ పెద్దలున్నారు, కట్టుబాటుంది. ఊరి సమ్మతి అంటే పెద్దకులాల సమ్మతి అనుకోబట్టే అంత జరిగింది. దళితుల విషయంలో మనకు కంటికి కనిపించిన ఈ సంగతి మన సొంత బస్తీలో ఎందుకు కనిపించదు?

మేం చూసిందొకటి చెబుతాం. పదిహేనేళ్ల కిందట రేపల్లెలో ఒక నికాహ్. తెలిసిన నూర్‌బాషా కుటుంబం. గవాహీల్లో ఒకడు రాలేదని మమ్మల్ని నిలబెట్టారు. ఉర్దూ వచ్చినవాళ్లమని కాస్త గౌరవం కూడా. పెళ్లికూతురి అనుమతి తీసుకోవడానికి వకీలుతో పాటు లోపలి గది గుమ్మం దాకా వెళ్లాం. అడ్డంగా దుప్పటి పట్టుకున్నారు. వకీలు ఫలానావారి కొడుకు ఫలానాతో ఇంత మెహర్‌కు నికాహ్ చెయ్యడానికి నీ ఇజాజత్ ఉందా అని ఉర్దూలో మూడుసార్లు అడిగాడు. లోపల గాజుల చప్పుడు. ఎవరో పెద్దావిడ గొంతు, 'ఊ అందిలెండి, కానివ్వండి' అని తెలుగులో. వకీలు వెనక్కి తిరిగాడు. మేమూ తిరిగాం. బయటికొచ్చి, ఆమె ఒప్పుకుందని, మేం చెవులారా విన్నామని సంతకం పెట్టాం. బిర్యానీ తిని ఏడింటి బండికి తెనాలి వచ్చేశాం.

కన్నెపిల్ల మౌనమే అంగీకారమని ఫిఖ్ చెబుతుందని మాకు తెలుసు. తండ్రి తనకిష్టం లేని పెళ్లి చేశాడని ఖన్సా బింత్ ఖిదామ్ అనే ఆమె ప్రవక్త దగ్గర మొరపెట్టుకుంటే ఆ నికాహ్‌ను ఆయన రద్దు చేశారని హదీసుల్లో ఉందనీ తెలుసు. ఆ రెండోది మన ఖుత్బాల్లో ఎన్నిసార్లు విన్నాం?

ఢిల్లీలో 1993లో జరిగిందీ ఇదే. రాజ్యం వకీలై వచ్చింది. గుమ్మం దగ్గర ఎవరో పెద్దలు 'మా వాళ్లకు ఇష్టం లేదులెండి' అన్నారు. వెనక్కి తిరిగి ఐక్యరాజ్యసమితికి అదే చెప్పింది. తేడా ఒక్కటే. రేపల్లెలో పెద్దావిడ అవునని చెప్పింది, ఢిల్లీలో పెద్దలు కాదని చెప్పారు. లోపలున్న మనిషిని ఎవరూ అడగలేదు.

వర్గం చొరవ చూపడం అసాధ్యమేమీ కాదు. మన చరిత్రలో ఉంది. 1930లలో, భర్త వదిలేసినా కనబడకుండా పోయినా విడాకులు దొరకని ముస్లిం స్త్రీలు ఆ బంధం నుంచి బయటపడడానికి మతం మారుతున్నారన్న గొడవ లేచింది. అప్పుడు దేవ్‌బంద్ సంప్రదాయానికి చెందిన మౌలానా అష్రఫ్ అలీ థానవీ అంతటివాడు హనఫీ ఫిఖ్ పక్కన పెట్టి మాలికీ ఫిఖ్ నుంచి దారి తీసుకోవచ్చని రాశాడు. ఆ దారిలోనే 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. షరియత్‌లో చుక్క మార్చరాదనేవాళ్లు ఈ సంగతి ఎందుకు చెప్పరు? ఆ చొరవ కూడా ఊరికే రాలేదు. ఆడవాళ్లు గడప దాటి వెళ్లిపోతుంటే వచ్చింది. ఇంకొకటి. ఎక్కువమంది ముస్లింలున్న ఇండోనేషియా 1984లోనే సీడాను ధ్రువీకరించింది. షరియత్ పేరు చెప్పి ఒక్క అధికరణనూ పక్కన పెట్టలేదు. తగాదాల క్లాజు మీద మాత్రమే మినహాయింపు. బంగ్లాదేశ్ 1984లో కొన్ని అధికరణలను పక్కన పెట్టి 1997లో వాటిలో కొన్నిటిని ఒప్పుకుంది. వాళ్లెవరూ ఇస్లాం నుంచి బయటికి పోలేదు.

అయితే మా బస్తీ పెద్దనూ హెల్మ్స్‌నూ ఒకే తక్కెడలో పెట్టి తూచేస్తే అది మోసమవుతుంది. హెల్మ్స్ భయపడలేదు. అధికారం అతనిది, పోలీసులు అతనివాళ్లు, దేశం అతనిది. మన పెద్దల మొండితనంలో సగం భయం. ఇల్లొక్కటే మిగిలింది, దాన్నీ లాక్కుంటారని భయం. ఆ భయానికి కారణాలు గాలిలోంచి రాలేదు. మూడుసార్ల తలాఖ్ చెల్లదని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. చెల్లనిదాన్ని చెప్పినవాడికి మూడేళ్ల జైలు అని 2019లో పార్లమెంటు చట్టం చేసింది. భార్యను వదిలేసిన హిందువు, క్రైస్తవుడు ఇంట్లో కూర్చుంటారు, సాయిబు జైల్లో కూర్చుంటాడు. భర్త జైల్లో ఉంటే భరణం ఎవరిస్తారు? ముస్లిం సోదరీమణుల కన్నీళ్లు తుడుస్తామన్నవాళ్లు ఎవరో ఆ సోదరీమణులకు తెలుసు. 2002లో గుజరాత్‌లో వాళ్ల గర్భాలు ఎవరు చీల్చారో కూడా తెలుసు. అంబేద్కర్ హిందూ కోడ్ బిల్లు తెచ్చినప్పుడు మా ధర్మంలో వేలు పెట్టొద్దని వీధికెక్కినవాళ్ల వారసులే ఇవాళ మన ఆడవాళ్ల కోసం ఉమ్మడి పౌరస్మృతి అంటున్నారు. అంబేద్కర్ 1951లో విసిగి మంత్రి పదవి వదులుకున్నాడు. అప్పుడు హెల్మ్స్‌లు ఖద్దరు కట్టి కూడా ఉన్నారు, కాషాయం కట్టి కూడా ఉన్నారు.

కాబట్టి మన సంకటం రెండు వైపులా పదునున్న కత్తి. నోరు విప్పితే హిందూత్వవాదులకు ఆయుధం ఇచ్చినట్టు. విప్పకపోతే ఇంట్లో ఆడమనిషి గొంతు నొక్కినట్టు. ఇన్నాళ్లూ మనం రెండోదే ఎంచుకున్నాం. ముందు మతోన్మాదంతో పోరాడదాం, ఇంటి సంగతి తర్వాత చూద్దాం అన్నాం. అగ్రవర్ణ విప్లవకారులు కులం గురించి దళితులకు చెప్పిన మాట ఇదే కాదూ? ముందు వర్గపోరాటం, కులం తర్వాత. మనం ఆ మాట మీద నిప్పులు చెరిగాం. ఇంటికొచ్చి అదే మాట మన భార్యలకు చెప్పాం.

ఇక్కడొక విషయం మన పెద్దలకు ప్రత్యేకంగా చెప్పాలి. మీరు భయపడిన ఆ సీడా ఏం చేసిందో తెలుసా? గుజరాత్ మారణకాండలో ముస్లిం స్త్రీల మీద జరిగిన అత్యాచారాల గురించి 2007లో భారత ప్రభుత్వాన్ని నిలబెట్టి ప్రత్యేక నివేదిక అడిగింది సీడా కమిటీయే. 2010లో దాని మీద చర్చ కూడా జరిపింది. మన రాజ్యం జవాబు చెప్పుకోవలసి వచ్చిన కొద్ది అంతర్జాతీయ వేదికల్లో అదొకటి. సంతకం లేకపోతే ఆ ప్రశ్న అడిగే హక్కే ఉండేది కాదు. అంతకుముందు 1997లో విశాఖ తీర్పులో సుప్రీంకోర్టు పనిచేసే చోట స్త్రీల మీద లైంగిక వేధింపులకు చట్టం లేకపోతే ఈ ఒడంబడికను ఆధారం చేసుకునే మార్గదర్శకాలు ఇచ్చింది. మన ఆడపిల్లలు ఇవాళ ఆస్పత్రుల్లో, బట్టల షాపుల్లో, కాల్‌సెంటర్లలో పనిచేస్తున్నారు. ఆ తీర్పు వాళ్లది కాదా? ఇంటి లోపల ఏం జరుగుతుందో చూడొద్దని మనం వేసిన తలుపే, ఇంటి బయట మంట పెట్టినవాణ్ణి నిలదీసే దారిని కూడా మూసేసేది.

భరణం సంగతీ అంతే. 1986 చట్టం ముస్లిం స్త్రీని రోడ్డున పడేసిందని అందరం అనుకున్నాం. 2001లో డేనియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టానికే అర్థం చెబుతూ, ఇద్దత్ గడువు లోపలే ఆమె భవిష్యత్తు మొత్తానికి సరిపడా ఏర్పాటు చెయ్యాలంది. 2024 జులై 10న తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో మరింత స్పష్టంగా చెప్పింది. నెలకు పదివేల మధ్యంతర భరణం ఇవ్వమంటే, నేను ముస్లింను, 1986 చట్టం ఉండగా నాకు 125వ సెక్షన్ వర్తించదని భర్త సుప్రీంకోర్టు దాకా పోయాడు. వర్తిస్తుంది, ఏ మతం స్త్రీకైనా వర్తిస్తుందని కోర్టు తేల్చింది. పదివేలు తప్పించుకోవడానికి మతాన్ని గొడుగులా పట్టుకున్న ఆ మనిషి తరఫున ఏ జమాత్ సిగ్గుపడింది?

మన రచయితల లెక్క కూడా చూసుకోవాలి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్జలా' వచ్చింది. ఈ దేశంలో పరాయివాళ్లుగా చూడబడుతున్న బాధను తెలుగులో మొదటిసారి మనం మన నోటితో చెప్పాం. గర్వపడాల్సిందే. కాని ఆ కవిత్వంలో అమ్మీ ఎక్కువగా రొట్టెలు కాలుస్తూ, నమాజు చేస్తూ, మనకోసం ఏడుస్తూ కనిపిస్తుంది. ఆమె తన కోసం ఏమడిగిందో రాసినవాళ్లు తక్కువ. స్త్రీవాద కవిత్వ సంకలనం 'నీలిమేఘాలు' 1993లో, అంటే ప్రభుత్వం ఆ ప్రకటనలు రాసిచ్చిన ఏడాదే, వచ్చింది. పెళ్లి, పడక, వంటిల్లు అన్నిటినీ ప్రశ్నించారు. మన ఆడవాళ్ల తలాఖ్, మెహర్, గోషా అక్కడ ఎంత చోటు సంపాదించుకోగలిగాయి? హిందూ స్త్రీవాదులకు అది 'వాళ్ల మతం' సంగతి. మనకు అది 'బయటివాళ్ల ముందు' మాట్లాడకూడని సంగతి. తర్వాత షాజహానా 'నఖాబ్' తెచ్చేసరికి మనలో కొందరు ముఖం చిట్లించుకున్నారు. తెనాలి అనగానే చలం పెరిగిన ఊరని చెప్పుకుంటాం. 'మైదానం'లో అమీర్ అందరికీ గుర్తే. అమీర్ గుర్తున్నట్టు ఆ తరం తెలుగు సాహిత్యంలో ఒక ముస్లిం స్త్రీ గుర్తుందా?

సీడా కమిటీ ఆ ప్రకటనలను వెనక్కి తీసుకోమని భారత్‌ను మళ్లీ మళ్లీ అడిగింది. ఎన్ని ప్రభుత్వాలు మారినా, మూడుసార్ల తలాఖ్ మీద అంత హడావుడి చేసిన ప్రభుత్వం కూడా, ఆ మాట తీసెయ్యలేదు. తీస్తే హిందూ అవిభక్త కుటుంబం మీద, దాంపత్య హక్కుల పునరుద్ధరణ మీద, పెళ్లిలో అత్యాచారం మీద కూడా జవాబు చెప్పాలి కదా! చొరవ, సమ్మతి అనే తెర మన ఇళ్లకే కాదు, వాళ్ల ఇళ్లకూ పనికొస్తోంది. మాట మన పేరు మీద, లాభం అందరు మగవాళ్లది.

ఆ మాట తియ్యక్కర్లేదని మేమంటాం. దాన్ని అక్షరాలా అమలు చెయ్యమంటాం. వర్గం చొరవ కావాలంటే రేపల్లె, తెనాలి, బాపట్ల మసీదు గుమ్మాల దగ్గర కాదు, వెనకవీధి ఇళ్లలో అడగండి. తెలుగులో అడగండి, ఉర్దూలో అడగండి. పక్కన అత్తగారు లేనప్పుడు అడగండి. ఆ ముప్ఫై అధికరణలు చదివి వినిపించి అడగండి. వాళ్లు వద్దంటే అప్పుడు మేం నోరు మూసుకుంటాం.

రేపల్లె అమ్మాయి సంగతి సగంలో ఆపాం. కిందటేడు తెనాలిలో మేం పనిచేసే చోటుకి వచ్చింది. వెంట ఎనిమిదేళ్ల పిల్ల. మనిషి గుర్తుపట్టలేనంత చిక్కిపోయింది. భర్త మూడేళ్లుగా ఇంటికి రావడం లేదు. తలాఖ్ చెప్పలేదు, డబ్బు పంపడు, ఇంకో ఊళ్లో ఇంకో కాపురం. వకీలు నోటీసు ఇస్తానన్నాడు, నికాహ్‌నామా తెమ్మన్నాడు. తిరిగి తిరిగి నకలు సంపాదించింది. అది ఉర్దూలో ఉంది. చదివి పెట్టమని అడగడానికి వచ్చింది.

చదవడం మొదలుపెట్టాం. పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్లు. మెహర్ అయిదువేలు. 'మాకు పదివేలని చెప్పారు బాబాయ్' అంది. అయిదే ఉందమ్మా అన్నాం. చదవమంది. వకీలు పేరు చదివాం. వధువు అనుమతి తీసుకోబడింది అని ఉన్న వాక్యం తెలుగులో చెప్పాం. కాసేపు ఊరుకుంది.

'ఆ రోజు గుమ్మం దగ్గర మీరు కూడా ఉన్నారుగా బాబాయ్. నన్ను మూడుసార్లు ఏదో అడిగారు. ఏమడిగారు?'

చెప్పాం.

'కింద ఇంకా ఏదో రాసుంది. అదేంటి?' అని వేలు పెట్టి చూపించింది. గవాహీల పేర్లన్నాం. రెండో పేరు చదవమంది.